అలుగు ఇంట్లో చెద

అనగనగా, తాటితోపు దాటి, ఏరు దాటి, గొడ్డలి చప్పుడు వినిపించనంత లోపలికి వెళితే, అక్కడొక అడవి. ఆ అడవిలో జంతువులన్నీ చదువుకునేవి.

నవ్వకండి. ఇది మా అమ్మమ్మ చెప్పిన మాట. ఆవిడకి వాళ్ళ మేనత్త చెప్పింది. ఉత్త అబద్ధమైతే ఇన్ని నోళ్ళు దాటి మీ దాకా వచ్చేదా?

ఆ అడవిలో పుస్తకాలు రాసే పని ఏదుపందులది. ఏదుపందిని మీరు చూశారో లేదో. ఒంటినిండా జానెడు జానెడు ముళ్ళు. ఆ ముల్లే వాటికి కలం. తాటాకులు కోసి, పసుపు నీళ్ళలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, వాటి మీద ముల్లుతో గీకి రాసేవి. రాశాక మసి పూసి తుడిస్తే అక్షరాలు నల్లగా లేచి నిలబడేవి. ఆకులకి చిల్లు పెట్టి, తాడు దూర్చి, ముడి వేస్తే అదే పుస్తకం.

వాటిలో అందరికంటే పెద్దాయనని ఏదుతాత అనేవారు. అడవి పుస్తకాలన్నీ ఆయన గుహలోనే ఉండేవి. తాత పొద్దున్నే ఏట్లో మునిగి, గుహ గడప మీద నాలుగు అడవిమల్లెలు పెట్టి, "తల్లీ సరస్వతీ, నీ ఇల్లు తెరుస్తున్నానమ్మా" అని దణ్ణం పెట్టుకుని, అప్పుడు లోపలికి అడుగు పెట్టేవాడు.

ఆ అడవికి ఒక ఆచారం ఉండేది. కొండ మీదికి తొలకరి మబ్బు రాగానే పిల్లలంతా ఆ గుహలోకి వెళ్ళి తలా ఒక పుస్తకం తెచ్చుకోవాలి. వానాకాలమంతా బొరియల్లో, తొర్రల్లో కూర్చుని దాన్ని చదువుకోవాలి. వానలు వెలిశాక మళ్ళీ వచ్చి, అందరి ముందూ అందులోంచి ఒక ముక్క చెప్పి, పుస్తకం తాతకి అప్పగించాలి.

పెద్దవాళ్ళు మాత్రం గడప బయటే ఉండాలి. లోపలికి రాకూడదు.

"ఆకలి పిల్లదైనప్పుడు చెయ్యి కూడా పిల్లదే కావాలి" అనేవాడు ఏదుతాత.

నియమం ఉంటే ఉంది, పెద్దవాళ్ళు ఊరుకుంటారా? ఒక ఏడు ఒక నక్కమ్మ, "మా వాడికి చీకటంటే భయం తాతా" అంటూ కొడుకు వెంట లోపలికి వెళ్ళింది. మరుసటి ఏడు ఒక లేడమ్మ, "ఒక్క మాట చెప్పి వచ్చేస్తా" అంటూ వెళ్ళింది. తాత మనసు మెత్తన. గట్టిగా కాదనలేకపోయేవాడు.

ఆ అడవిలో ఒక అలుగుల కుటుంబం కాపురం ఉండేది. అలుగంటే తెలుసా? ఒంటి మీద వెంట్రుకలకి బదులు పెంకుల్లాంటి పొలుసులు ఉంటాయి. భయమేస్తే గుండ్రంగా చుట్టుకుపోతుంది. పళ్ళు ఉండవు పాపం. పుట్టలు తవ్వి, చీమల్నీ చెదల్నీ నాలుకతో నాకి తింటుంది. మనకి అటుకులెలాగో వాటికి చెదలు అలాగ.

ఆ ఇంట్లో ముగ్గురు. తల్లి సూరమ్మ. కూతురు బంతి. సూరమ్మకి అత్తగారు, బంతికి నాయనమ్మ. నాయనమ్మకి చూపు తగ్గింది. మాట మాత్రం పదిలంగా ఉంది.

ఆ పై ఏడు తొలకరి మబ్బు వచ్చింది. బంతి తల్లి తోక మీద కూర్చుని గుహ దగ్గరికి వచ్చింది. అలుగుల పిల్లలు అలాగే తిరుగుతారు. అమ్మ తోకే వాళ్ళ బండి.

బంతి దిగి లోపలికి పరిగెత్తింది. వెనకాలే సూరమ్మ కూడా గడప దాటింది.

బంతి ఒక చిన్న పుస్తకం తీసింది. దాని పేరు 'అడ్డంగా నడిచిన పెళ్ళికొడుకు'. పెళ్ళికొడుకు ఒక పీత. ఎదురుగా పెళ్ళిపందిరి కనిపిస్తూనే ఉంటుంది. మేళం వినిపిస్తూనే ఉంటుంది. కానీ పీత అడ్డంగా కదా నడిచేది? నడిచి నడిచి పక్కింటికి చేరుతుంది. అక్కడ తాబేలు పిల్లకి బారసాల. "రండి రండి" అని కూర్చోబెట్టి భోజనం పెట్టేస్తారు. బంతి ఒక ఆకు చదివి కిలకిలా నవ్వేసింది.

"పీతకి పెళ్ళేమిటే?" అంది సూరమ్మ. "అది చదివి నువ్వూ అడ్డంగా నడుద్దామనా? పెట్టెయ్."

బంతి పెట్టేసింది. ఇంకొకటి తీసింది. దాని పేరు 'బావిలో నవ్విన నీడ'.

"ఇంకా నయం! జడుసుకుని నా తోక పట్టుకు వేళ్ళాడేది ఎవరు? పెట్టెయ్."

బంతి పెట్టేసింది. మూడోది తీసింది. దాని పేరు 'చీమలు ఏరు దాటిన వైనం'.

సూరమ్మ నుదురు కొట్టుకుంది. "చీమల గురించి చదవడమేమిటే తల్లీ! చీమలున్నది తినడానికి. పెట్టెయ్."

మూలన కూర్చున్న ఏదుతాత మెల్లగా అన్నాడు. "సూరమ్మా, పిల్ల చేతికి దొరికింది పిల్ల చేతిలోనే ఉండనీ అమ్మా."

"తాతా, మీరు పెద్దవారు, మీ మాట కాదనను. కానీ కన్నదాన్ని నేను. దాని మంచికే చెబుతున్నా" అంది సూరమ్మ. "ఇక్కడివేవీ వద్దు. మా ఇంట్లో ముత్తవ్వ పుస్తకం ఉంది. ఈ వానాకాలం అదే చదువుతుంది. వానలు వెలిశాక అందరి ముందూ అదే చెబుతుంది. మా వంశం గురించి అడవి అంతా విననీ!"

ముత్తవ్వంటే నాయనమ్మకి తల్లి. వెనకటికి వాళ్ళుండే అడవికి పెద్ద నిప్పు అంటుకుంది. పాలు తాగే బిడ్డని తోక మీద ఎక్కించుకుని, ముత్తవ్వ కొండలూ ఏర్లూ దాటి ఈ అడవికి వచ్చి పడింది. ఆ బిడ్డే మన నాయనమ్మ. ఆ సంగతంతా ఏదుతాత తండ్రిగారు రాసి ఇచ్చారు. అడవి మొత్తానికి ఆ పుస్తకం ఒక్కటే. సూరమ్మ దాన్ని ప్రాణంగా దాచింది. కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు తన చేతిలో పెట్టిన మొదటి వస్తువు అదే మరి.

బంతి ఖాళీ చేతులతో బయటికి వచ్చింది. వెనకాల వరసలో ఉన్న ఉడుతపిల్ల చెంగున లోపలికి గెంతి పీత పుస్తకం పట్టుకుపోయింది. బంతి తల్లి తోక మీద కూర్చుని, కనిపించినంత దూరం ఆ ఉడుతపిల్ల వంకే చూసింది.

వానలు పట్టుకున్నాయి. సూరమ్మ ముత్తవ్వ పుస్తకం తీసి, కళ్ళకద్దుకుని, బంతి ఒళ్ళో పెట్టింది. అది బంతి కంటే బరువు.

బంతి ముడి విప్పింది. మొదటి ఆకులో ఇలా ఉంది. 'స్వస్తిశ్రీ. పడమటి కొండల నివాసులగు అలుగు కులమునందు జనించిన పెద్దపొలుసు వారి పౌత్రి, వాడిగోరు వారి పుత్రి, వంకతోక వారి ధర్మపత్ని...' ఆకంతా పేర్లే. నిప్పూ లేదు, పొగా లేదు. బంతి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ మరిచిపోయింది.

"ఎంతదాకా వచ్చావే?" అని అడిగింది సూరమ్మ.

"మొదటి ఆకమ్మా."

"ఇంకా మొదటి ఆకేనా! ఆ ఉడుతపిల్లని చూడు, చెట్టు కదిలిపోయేలా పైకి చదువుతోంది."

బంతికి ఏడుపొచ్చింది. గుండ్రంగా చుట్టుకుపోయింది. అప్పట్నుంచీ ఆ పుస్తకం పేరెత్తితే చాలు, చుట్టుకుపోయేది.

కొన్నాళ్ళకి సూరమ్మ మళ్ళీ అడిగింది. "ఎంతదాకా వచ్చావే?"

"సగం దాకా అమ్మా" అంది బంతి. అది అబద్ధం. పిల్లలకి అబద్ధం పుట్టుకతో రాదు. మూలకి నెడితే వస్తుంది.

ఇంకొన్నాళ్ళకి బంతి పుస్తకం ముడి గట్టిగా బిగించి, బొరియ వెనక మూలకి, తడి మట్టి ఉన్న చోటికి తోసేసింది. సూరమ్మకి తెలియదు. ఆవిడ వానలో తడుస్తూ, కూతురి ఆకలి తీర్చడానికి ఎక్కడెక్కడో పుట్టలు తవ్వుతూ తిరిగేది.

ఒకరోజు నాయనమ్మ పిలిచింది. "బంతీ, మా అమ్మ ఏరు దాటిన చోటు చదివి వినిపించవే. విని ఎన్నాళ్ళయిందో."

బంతి పుస్తకం ఈడ్చుకొచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ముడి విప్పలేదు. "అప్పుడూ... ముత్తవ్వ ఏరు దాటింది నాయనమ్మా. దాటేసి... అవతలికి వెళ్ళింది."

"అంతేనా?"

"అంతే."

నాయనమ్మ చెయ్యి చాచి పుస్తకం తడిమింది. ముడి మీద మట్టి పేరుకుని ఉంది. "సరేలే తల్లీ, వెళ్ళి ఆడుకో" అంది. బంతి దాన్ని మళ్ళీ మూలకి తోసేసింది.

సూరమ్మ ఇంటికి రాగానే నాయనమ్మ మెల్లగా కదిపింది. "అమ్మాయ్, పిల్ల ఆ పుస్తకంతో సుఖంగా లేదు."

"చేదుమందు అత్తయ్యా. మొదట్లో అలాగే ఉంటుంది."

"మందు రోగానికి కదమ్మా వేస్తారు. దీనికి రోగమేముంది?"

వాన జోరు పెరిగింది. ఆ మాట ఆ జోరులోనే కొట్టుకుపోయింది.

చివరికి వానలు వెలిశాయి. గుహ ముందు అడవంతా పోగయింది. బంతి వెనక మూలకి వెళ్ళి పుస్తకం ఎత్తుకుంది. అంత బరువు పుస్తకం తేలిగ్గా లేచింది. 'నాకు బలం వచ్చింది కాబోలు' అనుకుంది బంతి. పిల్ల పుస్తకాన్ని అవలీలగా మోస్తుంటే చూసి, 'ఎదిగింది నా తల్లి' అనుకుంది సూరమ్మ.

ముందు ఉడుతపిల్ల వచ్చి పీత కథ చెప్పింది. చెబుతూ తనూ అడ్డంగా నడిచి చూపించింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఇక బంతి" అన్నాడు ఏదుతాత.

బంతి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి ముడి విప్పింది.

పై ఆకు ఒక్కటే ఆకులా ఉంది. దాని కింద అంతా పొడి. ఆ పొడిలోంచి తెల్లటి చెదలు బిలబిలా బయటికి వచ్చాయి.

అప్పుడు ముంగిస వెంకాయమ్మ గొంతు లేచింది. వెంకాయమ్మ సూరమ్మ వాళ్ళ పక్క బొరియలోనే ఉంటుంది. నోరు కొంచెం ఎక్కువ.

"అయ్యో రామ! అలుగు ఇంట్లో చెదా! మా ఇంట్లో పాము వచ్చి కాపురం పెట్టినట్టుంది! అడవిలో పుట్టలన్నీ తవ్వొచ్చావు గానీ సూరమ్మా, ఇంట్లో పుట్ట కనబడలేదటమ్మా?"

అందరూ గొల్లుమన్నారు. బంతి గుండ్రంగా చుట్టుకుని, గుహ ముందరి వాలు మీద దొర్లుకుంటూ దొర్లుకుంటూ గడ్డిలోకి పోయింది.

సూరమ్మ నిలబడ్డ చోటే నిలబడిపోయింది. నాయనమ్మ మాత్రం నేల మీద కూర్చుని ఆ పొడిని రెండు చేతులతో తడిమింది. "అమ్మా" అంది. అంతే. అది విన్నాక ఇంకెవరూ నవ్వలేదు. వెంకాయమ్మ కూడా తల వంచుకుంది.

అందరూ వెళ్ళాక ఏదుతాత, ఉడుతపిల్ల తిరిగి ఇచ్చిన పీత పుస్తకం సూరమ్మ చేతిలో పెట్టాడు. తాడు నలిగిపోయి ఉంది. అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఒక్క పురుగు చిల్లు లేదు.

"దీన్ని ఏ పెట్టెలో దాచారు తాతా?" అని అడిగింది సూరమ్మ.

"ఎవరూ దాచలేదమ్మా. ఉడుతపిల్ల చదివింది. కప్పపిల్లకి ఇచ్చింది. అది గుడ్లగూబ పిల్లకి ఇచ్చింది. వానలో తొర్రలూ గట్లూ తిరిగింది. ఆకు పుస్తకానికి పెట్టె కాపలా కాదు, విప్పే చేతులు కాపలా. గాలి తగలాలి, వేళ్ళ జిడ్డు తగలాలి. విప్పని పుస్తకం చెదకి అన్నమే."

సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ రాయడానికి దారి లేదా తాతా? అత్తయ్యకి మొత్తం నోటికి వచ్చు. ఆవిడ కూడా పోతే..." ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

"నా చెయ్యి వణుకుతోంది. మా కుర్రాళ్ళకి ఆవిడ పడమటి కొండల మాట పట్టుబడదు. పక్కన కూర్చుని వినగలిగే ఇంటిపిల్ల రాయాలి. నువ్వు రాయగలవా?"

సూరమ్మ తన గోళ్ళు చూసుకుంది. తవ్వి తవ్వి మొద్దుబారాయి. ముల్లు వాటి మధ్య నిలవదు. "బంతిని కూర్చోబెడతాను. రేపట్నుంచే. రోజూ దగ్గరుండి..."

"మళ్ళీనా?" అంది నాయనమ్మ.

ఆ ఒక్క మాటకి సూరమ్మ ఆగిపోయింది. గడప మీద పొద్దున పెట్టిన పువ్వుల వంక చూసింది. ఆ గడపని తను ఎంత తేలిగ్గా దాటిందో గుర్తొచ్చింది. పిల్లని రాతకి కూర్చోబెడితే పుస్తకం దక్కవచ్చు. పిల్ల చుట్టుకుపోతే రెండూ దక్కవు. సూరమ్మ పీత పుస్తకం మళ్ళీ తాత చేతిలో పెట్టేసి వాలు దిగింది.

గడ్డిలో బంతి ఇంకా గుండ్రంగానే ఉంది. సూరమ్మ పక్కన కూర్చుంది. తిట్టలేదు. మెల్లగా అడిగింది.

"ఆ పెళ్ళికొడుకు చివరికి పందిరికి చేరాడా?"

చుట్టలోంచి సన్నటి గొంతు వచ్చింది. "నాకేం తెలుసు? ఉడుతపిల్ల చివర చెప్పలేదు. నువ్వేమో పెట్టెయ్యమన్నావుగా."

"అన్నానులే. వెళ్ళి చదువుకో, నాకూ చెబుదువుగాని. నీకు నచ్చిందే తెచ్చుకో. నేను గడప దగ్గరే ఉంటాను."

చుట్ట కొంచెం విచ్చుకుంది. ఒక కన్ను బయటికి వచ్చింది. "లోపలికి రావుగా?"

"రాను. మీ నాయనమ్మ మీద ఒట్టు."

ఆ పూట బంతి గుహలోకి వెళ్ళింది. సూరమ్మ గడప బయట నిలబడింది. పిల్ల ఎంతకీ రాలేదు. లోపలికి వెళ్దామని సూరమ్మని కాళ్ళు లాగాయి. వెళ్ళలేదు. బంతి పీత పుస్తకంతోనే బయటికి వచ్చింది.

చలికాలమంతా ఆ బొరియలో నవ్వులే. బంతి చదివేది. నాయనమ్మ నవ్వితే పొలుసులు గలగలమనేవి. సూరమ్మ పుట్టలు తవ్వడానికి బయల్దేరి, గుమ్మంలోనే నిలబడిపోయి, "ఆగు, బారసాల భోజనం అయ్యాక ఎటు వెళ్ళాడు?" అని అడిగేది.

పీత పుస్తకం అయిపోయాక బంతి నీడ పుస్తకం తెచ్చుకుంది. నిజంగానే జడుసుకుంది. తల్లి తోక పట్టుకుని వేళ్ళాడింది. "చెప్పానా?" అనబోయి, సూరమ్మ ఆ మాట మింగేసింది. భయపడుతూనే బంతి చివరి ఆకు దాకా చదివేసింది.

తర్వాత చీమల పుస్తకం తెచ్చుకుంది. అది చదివాక చీమలంటే జాలి పుట్టి తిననంది.

"అత్తయ్యా, ఇదెక్కడి చదువు!" అని లబోదిబోమంది సూరమ్మ. "అలుగు చీమల్ని తిననంటే ఎలా బతుకుతుంది?"

"ఊరుకో అమ్మాయ్. చదువు జాలి నేర్పింది. ఆకలి అన్నం నేర్పుతుంది. దానికి రెండూ కావాలి" అంది నాయనమ్మ. ఆవిడ అన్నట్టే బంతి సాయంత్రానికి చెదలు తింది. చీమల్ని మాత్రం కొన్నాళ్ళు దణ్ణం పెట్టి వదిలేసింది.

ఒక పొద్దున నాయనమ్మ బొరియ ముందు ఎండ కాగుతోంది. బంతి వచ్చి ఒరుసుకుని కూర్చుంది.

"నాయనమ్మా, పీత పక్కనే ఉన్న పెళ్ళికే అన్నిసార్లు దారి తప్పాడు కదా. ముత్తవ్వ అంత దూరం నుంచి వచ్చింది, దారి తప్పలేదా?"

నాయనమ్మ మొహం వెలిగింది. "తప్పకేం! పొగలో కళ్ళు కనబడక ఒక ఎలుగుబంటి ఇంట్లోకి వెళ్ళి పడింది. 'దారి తప్పానయ్యా' అంటే, ఆ ఎలుగు 'దారి సంగతి సరేనమ్మా, నా తేనె ఎందుకు తొక్కావు?' అందట!"

బంతి పకపకా నవ్వింది. "తర్వాత?"

"తర్వాత ఏరు వచ్చింది. మా అమ్మ కొండ మీది స్వామిని తలుచుకుని, 'స్వామీ, నా తోక బరువు తగ్గనీయకు' అని మొక్కుకుంది. వెనక్కి తిరిగి చూసే తీరిక లేదు కదా. తోక బరువుగా ఉంటే బిడ్డ ఉన్నట్టు. నడి ఏట్లో తోక తేలికైంది."

"నువ్వు పడిపోయావా!"

"పడిపోయాను. మా అమ్మ అప్పుడే..."

"ఆగు నాయనమ్మా! ఇంకేం చెప్పకు! అలాగే ఉండు!" అని అరుస్తూ బంతి లేచి పరుగు తీసింది.

ఆ పరుగు ఏదుతాత గుహ ముందు ఆగింది. "తాతా, ముల్లు కావాలి! ఆకులు కావాలి! మా నాయనమ్మ ఏట్లో ఉండిపోయింది, త్వరగా!"

తాత నవ్వుతూ తన వీపు మీంచి ఒక ముల్లు పీకి ఇచ్చాడు.

"నొప్పెయ్యలేదా తాతా?"

"ఊడాల్సిన ముల్లేలే. ఎవరైనా అడుగుతారేమోనని చూస్తోంది."

పిడుగు పడి కాలిన మద్దిచెట్టు నుంచి మసి తెచ్చుకున్నారు. నాయనమ్మ చెప్పేది. బంతి రాసేది. మొదట్లో అక్షరాలు పీతలాగే అడ్డంగా నడిచాయి. పోను పోను దారికి వచ్చాయి. బిడ్డ కోసం ముత్తవ్వ నడి ఏట్లో వెనక్కి మళ్ళిన చోట బంతి ముల్లు పక్కన పెట్టి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసింది.

వింటున్న సూరమ్మకి పుస్తకం తేలికైన రోజు గుర్తొచ్చింది. తను వెనక్కి తిరిగి చూడలేదు. గుమ్మంలోంచి లేచి వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఎలుగూ తేనే సంగతి పాత పుస్తకంలో లేదే!"

"అప్పుడు మా అమ్మని అడిగినవాళ్ళు పెద్దవాళ్ళమ్మా. పెద్దవాళ్ళు పేర్లు అడుగుతారు. ఇదేమో 'తర్వాత?' అని అడుగుతోంది."

"పేర్లు కూడా కావాలి నాయనమ్మా" అంది బంతి. "వంకతోక ముత్తాత పేరు నాకు భలే ఇష్టం. కాకపోతే చివర్లో రాద్దాం."

అలా, చెద తిన్న పుస్తకం మళ్ళీ పుట్టింది.

తొలకరి మబ్బు మళ్ళీ కొండ మీదికి వచ్చింది. సూరమ్మ కొత్త పుస్తకం కళ్ళకద్దుకుని గుహకి తెచ్చింది. ఇంకా పిల్లలెవరూ రాలేదు. గడప దగ్గర ఆగి, పుస్తకం బంతి చేతికిచ్చింది. "అన్నిటికంటే పైన పెట్టవే, అందరికీ కనబడేలా."

"మధ్యలో పెడతానమ్మా. నచ్చినవాళ్ళే తీసుకుంటారు."

"నీ ఇష్టం తల్లీ" అంది సూరమ్మ.

పిల్లలంతా బిలబిలా లోపలికి వెళ్ళారు. బయట పెద్దవాళ్ళంతా మెడలు సాచి నిలబడ్డారు. ఇంతలో లోపల్నుంచి ముంగిసపిల్ల గొంతు వినిపించింది. "అమ్మా! ఇందులో ఒకావిడ ఎలుగుబంటి తేనె తొక్కేసిందే!" ఆ వెనకే నవ్వు.

ముంగిస వెంకాయమ్మ చిటపటలాడింది. "నీ మొహం! అలుగుల కథ మనకెందుకే? పాముల్ని పట్టే పుస్తకం తియ్యమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా! ఉండు, వస్తున్నా."

వెంకాయమ్మ కాలు గడప మీదికి లేచింది. సూరమ్మ గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వదినా, కాలు వెనక్కి తియ్యి."

"అది ఏం తీస్తుందో ఏమిటో, నాకు తెలియద్దూ?"

"అది తెచ్చేదాకా ఆగుదాం. నాకూ లోపలికి వెళ్ళాలనే ఉంది. నా చెయ్యి నువ్వు పట్టుకో, నీ చెయ్యి నేను పట్టుకుంటా."

వెంకాయమ్మ మూతి ముడుచుకుంది. కానీ కాలు వెనక్కి తీసింది. ఇద్దరూ చేతులు పట్టుకుని గడప బయటే నిలబడ్డారు. వాళ్ళని చూసి నక్కమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. లేడమ్మ కూడా వేసింది. తొలిచినుకు పడింది. ఎవరూ కదల్లేదు.

లోపల ముంగిసపిల్ల అడుగుతోంది. "తర్వాత? తర్వాత ఏమైంది?"

"చెప్పనుగా! నువ్వే చదువుకో" అంటోంది బంతి.

చెట్టు కింద కూర్చున్న నాయనమ్మ కళ్ళు మూసుకుని ఆ మాటలు వింది. "అమ్మా, మళ్ళీ ఏరు దాటావే" అనుకుంది. కొండ వైపు తిరిగి చేతులు జోడించింది.

కథ ఏదుతాత గుహకి, మనం సంధ్యాదీపానికి.

నీతి: పిల్లల చేతిలో మనం పెట్టిన పుస్తకం ముడి విప్పకుండానే చెదపట్టవచ్చు, వాళ్ళు చెయ్యి చాచి తీసుకున్న చిన్న పుస్తకమే వాళ్ళని పెద్ద పుస్తకం దాకా నడిపిస్తుంది.